వృద్ధాశ్రమాల సందర్శన రుసుములో మార్పు: మా సేవలు పొందుతున్నవారికి వివరణ

బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్ ప్రాంతాల్లోని ప్రైవేటు వృద్ధాశ్రమాలకు మా నర్సులు వెళ్ళి పెద్దలను చూసివచ్చే పద్ధతిలోనూ, అందుకు తీసుకునే రుసుములోనూ వచ్చే నెల ఒకటో తేదీ నుంచి మార్పు చేస్తున్నాం. ఆశ్రమ నిర్వాహకులకూ, విశాఖలోనో హైదరాబాదులోనో ఉండి నెలనెలా డబ్బు పంపే బిడ్డలకూ దాని కారణం దాపరికం లేకుండా చెప్పవలసిన బాధ్యత మాపై ఉంది.

ఇంతవరకు ఇంజెక్షనుకు ఇంత, కట్టు మార్చడానికి ఇంత, మూత్రపు గొట్టం వేయడానికి ఇంత అని పనికి లెక్కగట్టి తీసుకున్నాం. ఆ లెక్కలో కంటికి కనిపించే పనికి డబ్బు వస్తుంది గాని, ఆ పని అవసరం పడకుండా చూసే శ్రమకు రాదు. మంచాన పడ్డ మనిషిని పక్కకు తిప్పి మడమలు, తుంటి, నడుము కింది భాగం పరీక్షగా చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కితే చర్మం ఒక్క క్షణం తెల్లబడాలి. తెల్లబడకుండా ఎర్రగానే ఉండిపోతే పడక పుండు మొదలైనట్టే. చామనఛాయ వారిలో ఆ ఎరుపు సరిగా కనబడదు కనుక, చోటు వేడిగా గాని గట్టిగా గాని తగులుతున్నదేమో చేత్తో తడిమి తెలుసుకోవాలి. చాలాచోట్ల ఆయాలు ఆప్యాయతతోనే గుడ్డను చుట్టకుదురులా చుట్టి మడమ కింద పెడుతున్నారు; దాని అంచు ఒత్తుకుని మధ్యభాగానికి రక్తం సరిగా అందదు. పిక్క కింద దిండు పెట్టి మడమ పరుపుకు తగలకుండా ఉంచడం, రెండు గంటలకొకసారి పక్క మార్చడం వారికి నేర్పడం ఏ బిల్లులోనూ లేని పని. నర్సుగా చేసి ఈ సంస్థ పెట్టినదాన్ని గనుక చెబుతున్నాను, మేము చేసే వాటిలో అన్నిటికన్నా విలువైనది అదే.

అందుచేత ఇకమీదట ఒక్కొక్కరికి నెలకు 1,800 రూపాయలు. వారానికి రెండుసార్లు నర్సు, నెలకొకసారి డాక్టరుగారు వస్తారు. కట్లు, గొట్టాలు, ఇంజెక్షన్లకు విడిగా కూలి ఉండదు, మందులూ సామగ్రీ మాత్రం అసలు ధరకే వేస్తాం.

దీనితోపాటు మరొక మాట. "అమ్మ నీరసంగా ఉంది, ఒక సెలైన్ పెట్టించండి" అని ఫోన్లు వస్తుంటాయి. డాక్టరుగారు రాయనిదే ఇకపై పెట్టము. అర లీటరు మామూలు సెలైన్‌లో ఉన్నది నాలుగున్నర గ్రాముల ఉప్పు, మిగతాది నీరు. 5 శాతం గ్లూకోజు సీసాలో 25 గ్రాముల చక్కెర, అంటే 100 కేలరీలకు మించదు. గ్లాసుడు పాలలో అంతకన్నా ఎక్కువ బలం ఉంటుంది. గుండె గాని మూత్రపిండాలు గాని బలహీనపడ్డవారికి ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం తెస్తుంది. పైగా నీరసం వెనుక మూత్రంలో ఇన్ఫెక్షనో, సుగరు పడిపోవడమో, ఒంట్లో సోడియం తగ్గడమో ఉండవచ్చు. ముసలివారిలో ఇన్ఫెక్షను ఒక్కొక్కసారి జ్వరమే లేకుండా, ఉన్నట్టుండి తికమకగా మాట్లాడటంతోనే బయటపడుతుంది. ముందు ఆ కారణం వెతుకుతాం.

డెబ్బై ఏళ్ళు దాటినవారికి 2024లో మొదలైన ఆయుష్మాన్ వయోవందన కార్డు తప్పక చేయించండి. అయితే అది ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకే వర్తిస్తుంది; మా రుసుము దానిలోనుంచి రాదు. ఛాతీనొప్పి, మాట తడబడటం, మూతి వంకరపోవడం వంటివి కనబడితే మాకోసం ఎదురుచూడక ముందుగా 108కి ఫోన్ చేయాలి.

ప్రతి మంచం దగ్గరా ఉంచే పుస్తకంలో బీపీ, సుగరు, చర్మం స్థితి, మందుల మార్పులు తెలుగులోనూ ఒడియాలోనూ రాస్తాం. కొత్త రుసుము భారమనిపించి మానుకునేవారు ఆ పుస్తకం తమవద్దే ఉంచుకోవచ్చు, తరువాత చూసే డాక్టరుకు పనికివస్తుంది. నా అన్నవారు లేని పెద్దల విషయం నిర్వాహకులు మాతో విడిగా మాట్లాడగలరు. వారికి సామగ్రి ఖర్చు మాత్రమే తీసుకుంటాం.