బిజినెస్ పార్క్ సరే, రోడ్ల లెక్క ముందు తేల్చండి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఒడిశాలోని మా బరంపురం శివార్లలో హైవే పక్కన బిజినెస్ పార్క్ కడతారన్న మాట కొన్నాళ్లుగా గట్టిగా వినిపిస్తోంది. రావాలనే నా కోరిక కూడా, చదువు అవగానే పిల్లలు విశాఖకో భువనేశ్వర్‌కో హైదరాబాద్‌కో వెళ్లిపోవడం ఇకనైనా తగ్గాలి. కానీ రోజూ పొద్దున అందులోకి వెళ్లి సాయంత్రం ఒక్కసారిగా బయటికొచ్చే జనం ఏ రోడ్డు మీద, ఏ బండి మీద వెళ్తారో చూడకుండా అనుమతి ఇస్తే ఊరంతా ఇబ్బంది పడుతుంది.

ఆ హైవే, అంటే ఎన్‌హెచ్ 16, చెన్నై, కోల్‌కతా మధ్య తిరిగే లారీల దారి. మా ఊళ్లోని పెద్ద ప్రభుత్వాస్పత్రి ఎంకేసీజీకి గంజాం, గజపతి, కంధమాల్ నుంచే కాదు, సరిహద్దు అవతల ఇచ్ఛాపురం వైపు నుంచి కూడా పేషెంట్లు వస్తారు. ఆఫీసులు వదిలే టైంలో జంక్షన్ జామ్ అయితే అంబులెన్స్ ఎటు పోవాలి? నాకున్న అసలు టెన్షన్ అదే.

లెక్క ఎలా కట్టాలో ఇంజనీర్లకు తెలియంది కాదు. ఇప్పుడున్న ట్రాఫిక్‌ను రద్దీ వేళల్లో ప్రతి జంక్షన్‌లో లెక్కపెట్టాలి. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పద్ధతిలో సిటీ రోడ్ల మీద ఒక కారును 1గా లెక్కేస్తే, ఒక బస్సునో లారీనో 2.2 నుంచి 3.7 కార్లతో సమానంగా లెక్కేయాలి. ఆ తర్వాత పార్కులో ఎంతమంది పనిచేస్తారు, బైకులెన్ని, ఆటోలెన్ని, పదేళ్ల తర్వాత పరిస్థితేంటి అన్నది దానికి కలపాలి. సెలవు రోజున లెక్క తీసి రోడ్డు ఖాళీగానే ఉందని రాసేస్తే కుదరదు, స్కూళ్లు తెరిచి ఉన్న రోజు తీయాలి, పెళ్లిళ్ల సీజన్‌లో పట్టుచీరల కోసం వచ్చే జనాన్నీ చూడాలి. యూ టర్న్ ఎక్కడిస్తారన్నది మరీ ముఖ్యం, అది దూరంగా ఉంటే బైకులూ ఆటోలూ రాంగ్ రూట్‌లోనే వస్తాయి, హైవే మీద ప్రాణాలు పోయేది అలాగే.

2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉండే నిర్మాణాలకు ముందస్తు అనుమతి తీసుకోవాలి. పార్కింగ్ కొరత వస్తుందా, గేట్ల దగ్గర ట్రాఫిక్‌కు ఏం ఏర్పాటు చేస్తారు అని ఆ అనుమతికి పెట్టే దరఖాస్తు ఫారంలోనే అడిగారు. అయితే ఇలాంటి భవనాలకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి అదే నోటిఫికేషన్ మినహాయింపు ఇచ్చింది, అంటే ఆ రోడ్డు మీద రోజూ తిరిగే మమ్మల్ని అడగక్కర్లేదన్నమాట! ఇది నాకు అస్సలు నచ్చలేదు. చట్టం అడగమనకపోయినా కార్పొరేషన్ అడగొచ్చు కదా, ట్రాఫిక్ రిపోర్టును ఒడియాతో పాటు తెలుగులోనూ పెట్టి అభ్యంతరాలకు గడువు ఇవ్వొచ్చు. సర్వీస్ రోడ్డు, లోపలే బస్సులు ఆగే చోటు, షిఫ్టు టైములకు సిటీ బస్సులు, ఇవన్నీ మొదటి ఆఫీసు తెరవకముందే ఉండాలి, గేటు కోసం చేసే రోడ్డు పనుల ఖర్చు పార్క్ కట్టేవాళ్లే పెట్టుకోవాలి.

రిపోర్టు ఇప్పటికే తయారై ఉంటే బయటపెట్టండి. లేకపోతే అది వచ్చేదాకా హైవే మీదికి గేటు ఇచ్చే ఫైలు మీద అధికారులు సంతకం పెట్టకూడదు.

- ఒక పాఠకుడు, బరంపురం, గంజాం జిల్లా