చేపపిల్లలు వదిలేముందు అలివి వలలు తీయించండి
మత్స్యశాఖ మంత్రి గారికి కర్నూలు నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

శ్రీశైలం వెనుక జలాల్లో ప్రభుత్వ ఖర్చుతో బొచ్చె, రాగండి, మోసు పిల్లలను వదులుతున్నారు. వదిలేనాటికి పిల్ల పొడవు 80 నుంచి 100 మిల్లీమీటర్లు, అంటే చూపుడువేలంత. అది గుడ్లు పెట్టే ఈడుకు రావాలంటే సుమారు రెండేళ్లు బతకాలి. ఆలోపే సన్న కన్నుల అలివి వలలో పడి, ఒడ్డున ఎండి, బస్తాలకెక్కుతోంది. పిల్లల సంఖ్య పెంచమని మేం అడగడం లేదు. అలివి ఆగనంత వరకు ఎన్ని లక్షలు వదిలినా ఆ డబ్బు ఎండుచేపల వ్యాపారికి పెట్టుబడి అవుతుంది, అంతే.

అలివి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. వందల మీటర్ల పొడవుండే వల అది, కన్ను దాదాపు దోమతెరంత. ఒక కొసను ఒడ్డున పట్టుకుని, రెండో కొసను పడవ మీద చుట్టూ తిప్పి తెచ్చి, కూలీలు రెండు జట్లుగా గట్టుకు లాగుతారు. కింది తాడుకున్న బరువులు నేలను ఊడ్చుకుంటూ వస్తాయి. నాచు, గడ్డి, వాటిలో దాగిన పిల్ల, ఏదీ మిగలదు. పెద్ద కన్ను వలలో చిన్న చేప జారిపోతుంది, కన్నులో తల ఇరుక్కునేంత చేపే చిక్కుతుంది. అలివిలో చిక్కనిదంటూ ఉండదు.

‘మేం పట్టేది పరిగెలే, అవి ఎలాగూ పెరగవు’ అని అలివి యజమానులు వాదిస్తారు. ఎండబెట్టిన పట్టా మీంచి గుప్పెడు తీసి తెల్ల కాగితం మీద పరిచి చూడండి. ఒంటికి మించిన తల, పైకి తిరిగిన నోరు ఉంటే అది బొచ్చె పిల్ల. నోటి చీలిక కంటిని దాటి వెనక్కి పోయి, కడుపు కింది రెక్క తోకదాకా సాగి ఉంటే అది వాలుగ పిల్ల. ఎండినా ఈ గుర్తులు చెరిగిపోవు.

మా బెంగ ఎక్కువగా ఆ వాలుగ గురించే. ప్రపంచవ్యాప్తంగా ముప్పులో ఉన్న జీవుల ఎర్ర జాబితాలో దాని పేరుంది. ప్రభుత్వం వదిలే పిల్లల్లో వాలుగ ఉండదు. తోటి చేపల్ని, తన జాతి పిల్లల్ని కూడా మింగేది కాబట్టి పెంపకందారులూ దాని జోలికి పోరు. తొలి వరదకు మునిగిన గడ్డి అంచుల్లో అది పెట్టే గుడ్లే దానికి దిక్కు. ఆ అంచుల్లోనే అలివి తిరుగుతోంది.

నీటి మీద తరిమి పట్టుకోవాలనుకుంటే ఈ దొంగ వేట దొరకదు. పడవను చూడగానే వల నీళ్లలో వదిలేసి పోతారు. కానీ అలివికి మొద్దులు, రాళ్లు లేని చదునైన ఒడ్డు కావాలి, కూలీలకు గుడిసెలు కావాలి, ఎండబెట్టడానికి రోజుల తరబడి నేల కావాలి. ఇవన్నీ గట్టు మీదనుంచి కనిపించేవే. అందుకే తనిఖీ మూడు చోట్ల జరగాలి: ఎండబెట్టే నేల మీద, సరుకెత్తే బండి దగ్గర, కొనే గోదాములో. వల దొరికితే కన్నును తడిపి, సాగదీసి, ముడి నుంచి ముడికి కొలిచి పంచనామాలో రాయాలి. కొలత లేని కేసు నిలవదు. కేసు యజమాని మీద, కొనుగోలుదారు మీద పెట్టండి. అడ్వాన్సు అప్పు కింద వచ్చిన కూలీని ముద్దాయిని చేస్తే వారానికల్లా ఇంకో జట్టు దిగుతుంది.

చట్టం లేక కాదు. 1897 నాటి భారత మత్స్య చట్టం 6వ సెక్షన్ కింద వల కొలతను, రకాన్ని నిర్ణయించవచ్చు, వలలనూ చేపలనూ జప్తు చేయవచ్చు, ఫలానా నీటిలో రెండేళ్లకు మించకుండా వేట పూర్తిగా ఆపవచ్చు. అయితే ఆ చట్టం మొదట రాసినప్పుడు ఈ సెక్షన్‌కు పెట్టిన గరిష్ఠ జరిమానా 100 రూపాయలు. అలాంటి మొత్తాలతో ఈ వ్యాపారం ఆగదు. వలను జప్తు చేసి అక్కడే నరికించడమే వాళ్లకు తగిలే దెబ్బ.

ఆ రెండేళ్ల అధికారాన్ని తుంగభద్ర మడుగుల మీద వాడండి. సుంకేసుల బ్యారేజీ దిగువన ఎండాకాలంలో ప్రవాహం ఆగి మడుగులే మిగిలినప్పుడు, తల్లిచేపలన్నీ వాటిలోనే తలదాచుకుంటాయి. కరెంటు తీగలు పెట్టి, మందు కలిపి ఒక్క మడుగును ఖాళీ చేశారంటే, వరదకు ఎదురెక్కి గుడ్లు పెట్టాల్సిన చేప ఆ మేరకు లేనట్టే. లోతైన నాలుగైదు మడుగులను స్థానిక మత్స్యకారులతోనే ఎంపిక చేయించి, కాపలా కూలి వాళ్లకే ఇప్పించండి.

నదిలో చేప గుడ్లు పెట్టే జూలై, ఆగస్టు నెలల వేట విరామం గురించి ఒక మాట. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంది, అక్కడి వారికి 2025లో భృతిని 20,000 రూపాయలకు పెంచారు. న్యాయమైన పని. పుట్టి వేసుకుని బతికే నదీ మత్స్యకారుడికి అలాంటి భృతి ఇవ్వకుండా విరామం పాటించమంటే పొయ్యి వెలగదు, కాబట్టి అతను పాటించడు కూడా.

ఎదురు ఒడ్డు తెలంగాణ. ఇక్కడ దాడి జరిగితే వల రాత్రికి రాత్రే సోమశిల వైపు దాటుతుంది. రెండు రాష్ట్రాల సిబ్బంది ఒకే రోజు, ఒకే వేళకు దిగాల్సిందే.

నీరు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడే వేళకు అలివి జట్లకు ఒడ్డు దొరుకుతుంది. మొదటి ఉమ్మడి తనిఖీ దానికి నెల ముందే జరిగేలా కర్నూలు, నంద్యాల కలెక్టర్లకు తేదీతో సహా ఆదేశమివ్వండి. ఆ తనిఖీ నివేదిక మీ బల్ల మీదికి వచ్చాకే వచ్చే విడత చేపపిల్లల టెండరు పిలవండి.

ఇట్లు,
కృష్ణా, తుంగభద్ర తీర మత్స్యకారుల తరఫున,
కర్నూలు