మా ఫిర్యాదు ‘పరిష్కారమైంది’ అని మీరు పంపిన సందేశం గురించి

హనుమకొండ

సర్వీసు విభాగం అధిపతి గారికి,

మీ పేరు రాయాలనే అనుకున్నాను. మీ కస్టమర్ కేర్ వారిని అడిగితే ఆ వివరం చెప్పే అధికారం తమకు లేదన్నారు. కాబట్టి మీ హోదాకే నమస్కారం.

విషయం: మా డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లో ఆగిపోయిన మీ రక్తపరీక్ష యంత్రం (క్యాపిలరీ ఎలక్ట్రోఫొరెసిస్), దాని విషయంలో మీ కంపెనీ పాటిస్తున్న మౌనవ్రతం.

అయ్యా,

నిన్న ఉదయం మీ కంపెనీ నుంచి నా ఫోనుకు ఒక సందేశం వచ్చింది. మా ఫిర్యాదు విజయవంతంగా పరిష్కారమైందట. మీ సేవకు ఐదు నక్షత్రాలలో ఎన్ని ఇస్తానో చెప్పమని కింద అడిగారు. అది చదివేటప్పుడు నేను ఆ యంత్రం ఎదురుగానే నిలబడి ఉన్నాను. తెర మీద ఎప్పటి హెచ్చరికే ఉంది. పరిష్కారం అంటూ ఏదైనా జరిగి ఉంటే అది మీ కంప్యూటర్‌లోనే జరిగి ఉండాలి. దాన్ని హనుమకొండ దాకా పంపడం మరిచిపోయినట్టున్నారు.

యంత్రం చెడిపోయినందుకు నాకు కోపం లేదని ముందే చెబుతున్నాను. సన్నని గొట్టాలలో వేల వోల్టుల విద్యుత్తు పెట్టి రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను విడదీసే పరికరం ఏనాడూ మొరాయించకూడదని కోరేంత అమాయకుణ్ణి కాను. మాకు కనిపిస్తున్నది ఇంతే: కరెంటు నిలకడగా ఉండటం లేదు, ఫలితం ముందే తెలిసిన కంట్రోల్ శాంపిల్‌లోనే పీకులు (గ్రాఫులో ఒక్కో రకాన్ని చూపే శిఖరాలు) తమ చోటు నుంచి జరిగిపోతున్నాయి, కాసేపటికి యంత్రం తనంతట తానే ఆగిపోతోంది. గొట్టం పూడుకుపోయిందా, దాన్ని చల్లబరిచే భాగం పాడైందా అన్నది తేల్చాల్సింది మీ ఇంజనీరు. నా కోపమంతా ఆ తరువాత జరిగిన కథ మీద. మీరు తీరిక చేసుకుని వినాలి, ఎందుకంటే మీ కంపెనీలో దీన్ని చివరి దాకా విన్నవారు ఇంతవరకు ఎవరూ లేరు.

మొదట మీ టోల్ ఫ్రీ నంబరుకు చేశాను. తెలుగు కోసం నాలుగు నొక్కమంటే నొక్కాను. హిందీలో ఒక అబ్బాయి పలికాడు. వరంగల్ ఏ రాష్ట్రంలో ఉందని అడిగాడు. చెప్పాను. జాబితా చూసి, మా ఊరు ‘మారుమూల ప్రాంతాల’ కింద ఉంది కనుక సమయం పడుతుందన్నాడు. కాకతీయులు రాజధానిగా ఏలిన ఊరు, 1959 నుంచి వైద్య కళాశాల ఉన్న ఊరు, సికింద్రాబాద్‌లో రైలెక్కితే రెండు గంటలకు అటూ ఇటూగా దిగగలిగే ఊరు మీ లెక్కలో మారుమూల! యంత్రం అమ్మడానికి వచ్చిన రోజున మాత్రం మీ సేల్స్ మేనేజరు ఇదే ఊరిని ఉత్తర తెలంగాణకు వైద్య రాజధాని అని పొగిడి, నాతో అడ్వాన్సు చెక్కు రాయించుకున్నాడు. అమ్మకానికి రాజధాని, మరమ్మతుకు మారుమూల. ఈ భూగోళం మీ దగ్గరే నేర్చుకోవాలి.

తరువాత పలికినావిడ చాలా మర్యాదస్తురాలు. క్యాపిలరీలో సమస్య ఉన్నట్టుంది అని నేను చెబితే, ప్రింటర్‌లో కార్ట్రిడ్జ్ మార్చి చూశారా అని అడిగారు. నేను ఓపిక తెచ్చుకున్నాను. అమ్మా, క్యాపిలరీ అంటే వెంట్రుక కూడా పట్టనంత సన్నని దారి ఉండే సిలికా గొట్టం, అందులో క్షార ద్రావణం నింపి, రెండు చివరలకు విద్యుత్తు కలిపితే హిమోగ్లోబిన్ రకాలు వాటి వాటి విద్యుదావేశాన్ని బట్టి వేర్వేరు వేళలకు అవతలి చివరకు చేరతాయి, అక్కడ 415 నానోమీటర్ల కాంతిని అవి ఎంత పీల్చుకుంటాయో చూసి ఏ, ఎఫ్, ఎస్, ఏ2 అనే రకాల్లో ఏది ఎంత ఉందో యంత్రం లెక్క చెబుతుంది అని వివరించాను. మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ విద్యార్థులకు కూడా అంత శ్రద్ధగా ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడ మొత్తం విని, ధన్యవాదాలు తెలిపి, ఒకసారి స్విచ్ ఆపి మళ్ళీ వేసి చూడమన్నారు.

ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు సికిల్ సెల్. ఆ రోగుల హిమోగ్లోబిన్ విద్యుత్ క్షేత్రంలో మామూలు హిమోగ్లోబిన్ కన్నా భిన్నంగా కదులుతుందని అమెరికా శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ బృందం 1949లోనే చూపించింది. ఆ రోజుల్లో వాళ్ళు వాడిన పరికరం గదిని ఆక్రమించేంత పెద్దది, ఒక్కో ప్రయోగానికి గంటల తరబడి కాచుకుని కూర్చోవాలి. అయినా వాళ్ళ పని పూర్తయింది. వాళ్ళకు మీ కస్టమర్ కేర్ లేకపోవడమే అందుకు కారణమై ఉంటుందని ఈమధ్య అనిపిస్తోంది.

ఆ తరువాత కథ సాంకేతిక విభాగానికి చేరింది. తెర ఫొటో పంపమన్నారు. పంపాము. ఫొటో చాలదు, వీడియో కావాలన్నారు. అదీ పంపాము. పరిమాణం ఎక్కువైందని మీ మెయిల్ తిప్పికొట్టింది. ముక్కలు చేసి పంపాము. దానికి జవాబు రాలేదు. కొన్నాళ్ళకు టికెట్టు, అంటే మా ఫిర్యాదు నమోదు, మూసేసినట్టు కబురు వచ్చింది. కారణం: ‘ఖాతాదారు నుంచి స్పందన లేదు’. ఈ ఒక్క వాక్యం దగ్గర నా ఓపిక పూర్తిగా తెగింది. వీడియోలు ముక్కలు చేసి పంపినవాడిని నేను. మీ రికార్డులో మాత్రం పలకనివాడిని నేనే! కొత్త టికెట్టు తెరవమన్నారు. తెరిస్తే కథ మళ్ళీ మొదటికి వచ్చింది: సీరియల్ నంబరు, చిరునామా, వరంగల్ ఏ రాష్ట్రం, స్విచ్ ఆపి చూశారా.

ఇంతలో మేడారం జాతర దగ్గరపడింది. దారులన్నీ రద్దీగా ఉంటాయి కనుక జాతర తరువాత ఇంజనీరును పంపుతామని మీ హైదరాబాద్ కార్యాలయం చెప్పింది. మేడారం ములుగు జిల్లాలో ఉంది, రైలు దిగి మా ల్యాబ్‌కు రావడానికి ఆ దారిన పోనక్కరలేదని చెప్పి చూశాను. వినలేదు. సరే, ఆ పేరు అడ్డం పెట్టిన తరువాత నేను మాత్రం ఏం మాట్లాడతాను? సమ్మక్క సారలమ్మలు గద్దెల మీదికి వచ్చారు, కోట్ల మందికి దర్శనమిచ్చారు, వనప్రవేశం కూడా చేశారు. మీ ఇంజనీరు నగరప్రవేశం మాత్రం జరగలేదు.

చివరికి ఒక రోజు వచ్చాడు. ఆ అబ్బాయిని నేను ఒక్క మాట కూడా అనను. అతను తెచ్చిన విడిభాగం వేరే మోడల్‌కు సంబంధించినది. టికెట్టులో అలాగే రాశారని చూపించాడు. పాపం, తన పై అధికారికి అతను ఎన్నిసార్లు ఫోను చేసినా అటువైపు ఎవరూ ఎత్తలేదు. మీవాళ్ళు మీవాళ్ళకు కూడా పలకరని అప్పుడు తెలిసి నాకు కొంత ఊరట కలిగింది. వెళ్ళేముందు ఒక కాగితం తీసి సంతకం పెట్టమన్నాడు. అందులో ‘యంత్రం సంతృప్తికరంగా పనిచేస్తున్నది’ అని ముందే అచ్చు వేసి ఉంది! వచ్చి వెళ్ళినందుకు రుజువు మాత్రమే సార్ అన్నాడు. మా టెక్నీషియన్ సంతకం పెట్టనంది. ఆమె పెట్టని సంతకం మీద ఆధారపడే నిన్నటి ‘విజయవంతమైన పరిష్కారం’ వచ్చిందని నా అనుమానం.

అన్నిటికీ మించినది ఇంకొకటి ఉంది. ఇంజనీరు వెళ్ళిన కొద్ది రోజులకే మీ సేల్స్ విభాగం నుంచి ఒకాయన మిఠాయి పెట్టెతో వచ్చారు. మరమ్మతు సంగతి చూడటానికి కాబోలునని ఎదురెళ్ళి ఆహ్వానించాను. ఆయన వచ్చింది కొత్త మోడల్ అమ్మడానికి. ఆగిపోయిన యంత్రాన్ని చూపిస్తే, అది సర్వీసు విభాగం పరిధి సార్, నాకు సంబంధం లేదు అన్నారు. పైగా ఇంత ఇబ్బంది పడే బదులు కొత్తది తీసుకుంటే పాతదానికి మంచి ధర కట్టిస్తానన్నారు. మిఠాయి మా సిబ్బందికి పంచాను. బాగానే ఉంది.

మీకు ఇది ఒక టికెట్టు. మాకు ఇది ఎవరి రక్తమో చెబుతాను. ఏటూరునాగారం, తాడ్వాయి, మహదేవపూర్ వైపు నుంచి డాక్టర్లు పంపే శాంపిళ్ళు మా దగ్గరికి వస్తాయి. ఆ అటవీ ప్రాంతపు కోయ గూడేలలో సికిల్ సెల్ ఉంది. 2047 నాటికి ఈ జబ్బును లేకుండా చేయాలని కేంద్ర ప్రభుత్వం 2023 జూలైలో జాతీయ మిషన్ ప్రారంభించింది. తలసేమియా (హిమోగ్లోబిన్ సరిగా తయారు కాని వంశపారంపర్య జబ్బు) వాహకులు, అంటే తమకు జబ్బు లేకున్నా పిల్లలకు అందించగలిగేవారు, కూడా మాకు తరచుగా తగులుతుంటారు. గర్భిణి రక్తంలో ఏ2 మూడున్నర శాతం దాటితే, వాహకురాలన్న అనుమానంతో ఆమె భర్తను కూడా డాక్టరు పిలిపించి పరీక్ష చేయిస్తారు. ఇద్దరూ వాహకులైతే పుట్టే ప్రతి బిడ్డకూ తీవ్రమైన జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. గర్భిణి విషయంలో ఈ సంగతి తొలి నెలల్లోనే తేలితే తప్ప తదుపరి పరీక్షకు, నిర్ణయానికి వ్యవధి ఉండదు. పదిహేను పనిదినాలు వేచి ఉండండి అని మీ వారు చెప్పినప్పుడు నేను ఈ మాటే అన్నాను. కడుపులో బిడ్డ మీ పనిదినాలు, సెలవు దినాలు చూసుకుని పెరగదు కదా? ‘మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని జవాబు వచ్చింది. ఆ చింత ఇప్పటికి ఎందరి నోట విన్నానో! ఇంతమంది ఇంతగా చింతిస్తున్న కంపెనీ ఇంకా ఎలా నడుస్తోందా అని ఆశ్చర్యంగా ఉంది.

ప్రస్తుతం శాంపిళ్ళను మా ఖర్చుతో హైదరాబాద్ పంపుతున్నాము. వేరే పద్ధతిలో ఇక్కడే చేసుకోవచ్చు కదా అని మీ వారిలో ఒకరు ఉచిత సలహా ఇచ్చారు. హెచ్‌పీఎల్‌సీలో (హిమోగ్లోబిన్ రకాలను విడదీసే మరో పద్ధతి) సికిల్ సెల్ రకమైన ఎస్ ఉన్నవారికి ఏ2 ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించవచ్చు, ‘ఈ’ రకమైతే ఏకంగా ఏ2తో కలిసిపోతుంది, కాబట్టి మా యంత్రం కొనండి అని నాకు పాఠం చెప్పిందే మీ కంపెనీ. మీ బ్రోచర్ మీ సలహాదారులకు కూడా ఒకటి పంచండి.

ఇదే పరీక్షను పాత పద్ధతిలో సెల్యులోజ్ అసిటేట్ పట్టీల మీద చేసి, రంగు వేసి, కడిగి, కళ్ళు చికిలించి గీతలు చదివిన రోజుల నుంచి మేము మీ ఖాతాదారులం. అప్పట్లో మీ పంపిణీదారు స్వయంగా స్కూటర్ మీద రసాయనాలు తెచ్చి ఇచ్చేవాడు. కరీంనగర్‌లో ఒక మిత్రుడు, ఖమ్మంలో మరొకరు ఇదే యంత్రం కొన్నారంటే అది నా మాట విని. మీ ప్రకటన చూసి కాదు. నా రిసెప్షన్ గోడకు ఏటేటా మీ క్యాలెండరే వేలాడుతుంది. వాళ్ళిద్దరూ ఇప్పుడు ఫోను చేసి యంత్రం ఎలా ఉందని అడుగుతున్నారు. ఏం చెప్పమంటారో అది కూడా మీరే రాసి పంపండి.

ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) డబ్బు పూర్తిగా ముందే కట్టించుకున్నారు. అందుకని సరైన విడిభాగంతో, దాన్ని బిగించడం తెలిసిన మనిషిని పంపడం, యంత్రం ఆగిన కాలమంతా ఏఎంసీకి కలపడం, హైదరాబాద్‌కు పంపిన శాంపిళ్ళ ఖర్చు చెల్లించడం మీ బాధ్యత అని నేను అనుకుంటున్నాను. అయితే వీటన్నిటికన్నా ముందు, పేరూ సంతకమూ ఉన్న ఒక మనిషి నుంచి ఒక కాగితం కావాలి. ‘ఖాతాదారు నుంచి స్పందన లేదు’ అని రాసింది ఎవరు, ఎందుకు అన్నది అందులో ఉండాలి. యంత్రం బాగుచేసినా ఆ కాగితం రాకపోతే నేను ఊరుకోను.

వినియోగదారుల కమిషన్‌కు వెళతానని ఫోనులో అన్నప్పుడు, మాది వ్యాపార కొనుగోలు కనుక ఆ చట్టం వర్తించదని మీ సూపర్‌వైజరు నాకు చట్టం బోధించారు. స్విచ్ ఆపడం తప్ప మీ వారికి ఇంకొకటి కూడా తెలుసన్నమాట. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో 2(7) నిబంధన కింద ఉన్న వివరణను కూడా ఆయన చదవాలి. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొనుక్కున్నది వ్యాపార ప్రయోజనం కిందికి రాదని అందులో ఉంది. ఈ ల్యాబ్‌లో శాంపిళ్ళు నడిపేది, రిపోర్టులు చూసేది నేనే. అదే నా బతుకుతెరువు. ఫిర్యాదుదారు నివసించే చోటే, పని చేసే చోటే కేసు వేయవచ్చని కూడా అదే చట్టం చెబుతోంది. అంటే నేను మీ ఊరు రానక్కరలేదు, మీరే మా మారుమూలకు రావాలి. రైళ్ళ వేళలు కావాలంటే పంపుతాను. ఉత్తర తెలంగాణ ల్యాబ్ యజమానుల వాట్సాప్ బృందంలో ఈ లేఖ ప్రతి పెట్టడానికి కూడా సిద్ధం చేసి ఉంచాను. ఆ బృందంలో మీ పోటీ కంపెనీల ప్రతినిధులు కూడా ఉన్నారు. వాళ్ళు పిలిస్తే వెంటనే పలుకుతారు, ప్రస్తుతానికైతే.

ఈ వారం ముగిసేలోగా ఒక మనిషి గొంతు వినిపించాలి. రికార్డు చేసిన గొంతు లెక్కలోకి రాదు. ల్యాబ్ ఉదయం ఏడు నుంచి రాత్రి తొమ్మిది వరకు తెరిచే ఉంటుంది, ఆదివారం మధ్యాహ్నం దాకా. కాజీపేటలో దిగితే ఆటో దొరుకుతుంది.

ఇట్లు,
మీ చిరకాల ఖాతాదారు
(నిర్వాహకుడు, డయాగ్నొస్టిక్ ల్యాబ్, హనుమకొండ)

తా.క.: రసాయనాల బిల్లు గడువు దాటిందంటూ మీ అకౌంట్స్ విభాగం పంపిన నోటీసు గడువు దాటిన మరుసటి రోజే అందింది. ఆ వెంటనే ఒకరు ఫోను కూడా చేశారు, శుద్ధమైన తెలుగులో, ఊరు ఏ రాష్ట్రమని అడగకుండా. వీలైతే మా యంత్రం సంగతి కూడా ఆ విభాగానికే అప్పగించండి.