సర్టిఫికెట్ కంటే ముందు సొంతంగా ఒక ఆట రాయించండి

సంపాదకులకు నమస్కారం.

గేమ్ ప్రోగ్రామింగ్ నేర్చుకుని ఉద్యోగం సంపాదించాలని బెంగళూరు వచ్చి, మారతహళ్లి పీజీ హాస్టళ్లలో ఉంటున్న మన తెలుగు పిల్లలు వేలకు వేలు ఫీజు కట్టే ముందు కాస్త ఆలోచించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అయిన గోడో ఇంజిన్ 2014 నుంచి ఓపెన్ సోర్స్‌గా, అంటే దాని కోడు అందరికీ అందుబాటులో ఉండేలా, ఉచితంగానే దొరుకుతోంది. అలాంటి ఇంజిన్లే అయిన యూనిటీకి సీ షార్ప్, అన్‌రియల్‌కు సీ ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామింగ్ భాషలు కావాలన్నది నిజమే కానీ, ఏ భాషలోనైనా లూపులు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించేవి), ఫంక్షన్లు (ఒక్కో పనికి విడిగా రాసుకునే కోడు ముక్కలు) ముందు చేతికి పట్టుబడాలి.

మా అక్క కొడుకు మూడు నెలల కోర్సులో, తెరపై చూపిన కోడునే ఎక్కించుకుంటూ పోయాడు. ఆ తర్వాత బంతిని బ్యాటుతో కొట్టే 1972 నాటి పాంగ్ అనే వీడియో ఆటను తానే రాయడానికి కూర్చుంటే, వేగం పెరిగిన బంతి బ్యాటుకు తగలకుండా అందులోంచి దూసుకుపోయేది. తెరపై వరుసగా వచ్చే బొమ్మల్లో, అంటే ఒక ఫ్రేముకూ మరుసటి ఫ్రేముకూ మధ్య, బంతి బ్యాటు మందాన్నే దాటేస్తోందని కనిపెట్టడానికి వాడికి రెండు రాత్రులు పట్టింది. ఇంటర్వ్యూలో వాడు తడుముకోకుండా చెప్పగలిగింది ఈ తప్పు గురించే.

శిక్షణ సంస్థలు సర్టిఫికెట్ ఇచ్చే ముందు ప్రతి విద్యార్థి చేతా ఒక చిన్న ఆటనైనా మొదటి నుంచి చివరి దాకా రాయించి, ప్రతి మార్పునూ, కోడులోని మార్పుల చరిత్రను దాచే గిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో నమోదు చేయించాలని మనవి.

– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు