బుజ్జిగాడు నోరు జారాక నీకు

స్టుట్‌గార్ట్

చిట్టితల్లీ,

నీ ఫోను ఈమధ్య మోగడమే తప్ప పలకడం లేదు. పనుంటుందిలే. ఇక్కడ ఒకటే వాన. సుబ్బికి సంబంధం కుదిరింది. అన్నట్టు, మీరంతా కారేసుకుని మాంటెనీగ్రో వెళ్ళి గుడారాలు వేస్తారటగా? బుజ్జిగాడు నోరు జారాడు. వెళ్ళండి, నేనేం వద్దనను. జర్మనీలో ఉండటానికిచ్చే నీ కొత్త రెసిడెన్స్ పర్మిట్ కార్డు చేతికొచ్చిందా?

2023 జనవరి 1న క్రొయేషియా షెంగెన్‌లో, అంటే మధ్యలో పాస్‌పోర్టు తనిఖీల్లేని ఐరోపా దేశాల గుంపులో చేరింది కాబట్టి మ్యూనిక్ నుంచి డుబ్రోవ్నిక్ దాకా మామూలు పాస్‌పోర్టు క్యూలు లేవు. కాకపోతే మ్యాపు మిమ్మల్ని నేయుమ్ మీదుగా లాక్కెళ్తుంది. అది బోస్నియా. 2022లో తెరిచిన పెల్యేషాత్స్ వంతెన ఎక్కితే ఆ ముక్క తప్పుతుంది. కార్డు రాకుండా తాత్కాలిక కాగితంతో షెంగెన్ బయటికి పోతే అవతలివాడు దాన్ని గుర్తించకపోవచ్చు. ఊరికే చెప్తున్నా.

అద్దె కారైతే మాంటెనీగ్రో పేరు రాసిన అనుమతి కాగితం ముందే తీసుకోండి. మన కిట్టు సంగతి తెలుసుగా. మాంటెనీగ్రో సరిహద్దులో క్రొయేషియా వైపున్న కరాసోవిచి గేటు దగ్గర ఆగస్టు ఎండలో క్యూ కట్టాడు, వెనక సీట్లో పిల్లల ఏడుపు, నీళ్ళు అయిపోయాయి. తీరా వంతొచ్చేసరికి కాగితంలో ఆ దేశం లేదు, వెనక్కి పొమ్మన్నారు. చీకటిపడితే రోడ్డు పక్క చెట్ల కింద గుడారం వేశాడు మహానుభావుడు. క్రొయేషియాలో క్యాంపుసైటు బయట అలా పడుకోవడం నిషేధం. పొద్దున్నే జరిమానా! పిన్ని వాణ్ణి ఇప్పటికీ ఏడిపిస్తుంది. తెల్లవారకముందే సరిహద్దు చేరండి.

అవతల మాంటెనీగ్రోలోనూ యూరోలే నడుస్తాయి, అలాగని రోమింగూ నడుస్తుందనుకోకు. మ్యాపులు ముందే దింపుకో. పగలైనా హెడ్‌లైట్లు వెయ్యాలి. నడిపేవాళ్ళ రక్తంలో మద్యం పరిమితి లీటరుకి 0.3 గ్రాములు, అంటే నడిపేవాళ్ళు ముట్టుకోకపోవడమే. 24 గంటల్లో బస నమోదు కావాలి. ఆ పని క్యాంపువాళ్ళే చేస్తారు గానీ, చీటీ అడిగి తీసుకో. కార్డు ఫొటో తీసి నాకు పంపితే ఒకటి దాచిపెడతా.

దుర్మిటోర్ కొండలకైతే కమెనారి ఫెర్రీ ఎక్కక్కర్లేదు, అది సముద్రం ఒడ్డున బుద్వా వెళ్ళేవాళ్ళకి. మీరు రిసాన్‌లో కొండెక్కి నిక్షిచ్, షావ్నిక్ మీదుగా ఆ కొండల దగ్గరి ఊరు ఝబ్ల్యాక్ చేరండి. అది 1,456 మీటర్ల ఎత్తు, వేసవిలోనూ రాత్రి వణికిస్తుంది. స్టవ్‌కి వాడే ఉత్త బ్యూటేన్ గ్యాసు సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కాదు, పైగా మండేకొద్దీ డబ్బా ఇంకా చల్లబడుతుంది. ప్రొపేన్ కలిపిన మరచుట్టు డబ్బా కొను, నీ స్టవ్‌కి బిగుస్తుందో లేదో ఇంట్లోనే చూసుకో. చలేసిందని గుడారంలో స్టవ్ వెలిగించావో, కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా రాదు. గాలి కంతలు మూయకు, మూస్తే ఊపిరి తడంతా లోపల గుడ్డకే పట్టి తెల్లారేసరికి కారుతుంది. చలి పైనుంచి కాదమ్మా, నేలలోంచి వస్తుంది. పక్కకింద మందపాటి చాప పరుచుకో.

తిరిగొచ్చేటప్పుడు జున్ను, మాంసం తేవద్దు, క్రొయేషియా గేటు దగ్గర తీసి పారేస్తారు. అమ్మ కట్టిచ్చిన నెయ్యీ పాలదే, అక్కడే తినేసి రండి. ఆవకాయకి భయం లేదు.

ఆ కార్డు రాకపోతే క్రొయేషియాలోనే ఉన్న ఇస్ట్రియాలో గుడారం వేసుకోండి, సముద్రం అక్కడా ఉంది. అమ్మ ఉన్ని సాక్సులు పోస్టులో వేసింది, రెండు జతలు. నువ్వు ఒకటి వదిలేస్తావని తనకి తెలుసు.

నాన్న