ఎపిక్యురస్ భోగలాలసుడు కాదు

సంపాదకులు గారికి,

విందులు, విలాసాల్లో మునిగితేలేవాళ్లకు ప్రాచీన గ్రీకు తత్వవేత్త ఎపిక్యురస్ పేరు తగిలించేస్తుంటారు, అది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. క్రీ.పూ. 341లో సేమోస్ దీవిలో పుట్టి, ఏథెన్స్‌లో ఒక తోట కొనుక్కుని స్నేహితులతో అక్కడే బతికిన ఆయన రోజూ తిన్నది రొట్టె, తాగింది నీళ్లు. ఎప్పుడైనా విందు చేసుకోవాలనిపిస్తే తింటాను, చిన్న కుండలో చీజ్ పంపించు అని ఒక స్నేహితుడికి రాశాడట. ఆ తోటలోకి ఆడవాళ్లనూ బానిసలనూ రానిచ్చాడు, ఆ రోజుల్లో అది మామూలు విషయం కాదు.

ఆయన చెప్పిన సుఖం ఒంటికి నొప్పి, మనసుకు టెన్షన్ లేకపోవడమే. మనం ఉన్నంతసేపూ చావు రాదు, అది వచ్చాక మనం ఉండం, ఇంక భయమెందుకన్నాడు. క్రీ.పూ. 270లో చనిపోయే ముందు మూత్రపిండాల్లో రాళ్లతో విలవిల్లాడుతూ కూడా, మన పాత మాటలు గుర్తొస్తే ఈ నొప్పి ఓర్చుకోగలుగుతున్నానని ఒక స్నేహితుడికి ఉత్తరం రాశాడు.

1841లో కార్ల్ మార్క్స్‌కు డాక్టరేట్ తెచ్చిన పరిశోధన కూడా డెమోక్రిటస్ అనే మరో గ్రీకు తత్వవేత్త, ఎపిక్యురస్‌ల ప్రకృతి తత్వం మీదే. ఇలాగే భోగలాలసులన్న పేరుపడ్డ మన ప్రాచీన భౌతికవాదులు చార్వాకుల గురించి ఎక్కువగా తెలిసింది ప్రత్యర్థులు రాసినవాటి నుంచే, ఎపిక్యురస్‌వి మాత్రం మూడు పెద్ద ఉత్తరాలు మిగిలాయి. వాటిని దయచేసి మీ ఆదివారం సంచికలో తెలుగులో వేయండి.

– ఒక పాఠకుడు