తొట్టి కొన్న రోజే చేపలు అమ్మకండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు దగ్గరపడుతున్న ఈ రోజుల్లో మన విశాఖపట్నంలో పిల్లల పుట్టినరోజు కానుకగానో, ఇంట్లో కాలక్షేపానికో చిన్న చేపల తొట్టెలు కొనే కుటుంబాలు తరచుగా కనిపిస్తున్నాయి. సరదా మంచిదే. అయితే తొట్టి, రంగు గులకరాళ్లు, ఒక ప్లాస్టిక్ మొక్క, నాలుగు చేపలు అన్నీ ఒకే సాయంత్రం కట్టి ఇచ్చే అలవాటు వల్ల, నాకు తెలిసిన చాలా ఇళ్లలో ఆ చేపలు రెండు వారాలు కూడా బతకలేదు. మా ఇంట్లోనూ అదే జరిగింది. ముప్పై ఏళ్లకు పైగా బడిలో రసాయనశాస్త్రం చెప్పి కూడా, అవసరమైన సమయానికి ఆ పాఠం గుర్తుకు రాని ఒక ఉపాధ్యాయుడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

రెండేళ్ల కిందట మా మనవరాలి కోసం నగరంలోని ఒక దుకాణంలో గుండ్రటి గాజు పాత్రను, రెండు గోల్డ్‌ఫిష్‌లను కొన్నాను. దుకాణదారు ఒక చిన్న సీసాలో నీలి మందు ఇచ్చి, “రోజుకు రెండు చుక్కలు వేయండి సార్, ఏమీ కాదు” అన్నాడు. మూడో రోజుకు నీరు బియ్యం కడిగిన నీళ్లలా మసకబారింది. ఐదో రోజు పొద్దున ఒక చేప పక్కకు ఒరిగి తేలింది. నేను కంగారుపడి పాత్రను తోమి, ఉన్న నీరంతా పారబోసి, అప్పుడే వచ్చిన కుళాయి నీటితో నింపాను. రెండో చేప ఆ సాయంత్రానికే పోయింది. “నీళ్లు మార్చాం కదా తాతయ్యా, మరి ఎందుకు చచ్చిపోయింది?” అని ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు నా దగ్గర జవాబు లేదు.

జవాబు తెలిశాక నాకు సిగ్గనిపించింది. చేప వ్యర్థాల నుంచి, తినగా మిగిలి కుళ్లిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. చెరువులోనైతే దానిని ఒక రకం సూక్ష్మజీవులు నైట్రైట్‌గా, మరో రకం సూక్ష్మజీవులు నైట్రేట్‌గా మారుస్తాయి. అమ్మోనియా చేప మొప్పలను కాల్చేస్తుంది, నైట్రైట్ రక్తంలో ప్రాణవాయువును మోసే శక్తిని దెబ్బతీస్తుంది, నైట్రేట్ మాత్రం మోతాదు మించనంతవరకు పెద్దగా హాని చేయదు. కొత్త తొట్టిలో ఈ సూక్ష్మజీవులు దాదాపుగా ఉండవు. అవి ఇసుకకు, ఫిల్టర్‌లోని స్పాంజికి పట్టుకొని తగినంతగా పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ లోపల చేపలను వేస్తే అవి తమ వ్యర్థాల విషంలోనే ఈదుతాయి. నాకు ఇచ్చిన నీలి మందు మిథిలిన్ బ్లూ. బూజు వంటి కొన్ని జబ్బులకు అది పనికివస్తుంది కానీ, మనకు కావలసిన ఆ సూక్ష్మజీవులకూ మొక్కలకూ చేటు చేస్తుంది. ఆపైన నేను పట్టిన కుళాయి నీటిలో క్లోరిన్ ఉంది. తాగునీటి ప్రమాణాల ప్రకారం కుళాయి దగ్గరకు చేరేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మన ఆరోగ్యానికి అది అవసరం. చేప మొప్పలకు మాత్రం అదే శత్రువు.

తీరప్రాంతంలో ఉండేవారు గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. అమ్మోనియా ఎంత విషమన్నది నీటి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాలను చెప్పే కొలత) మీద, వేడి మీద ఆధారపడి ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది ఒక శాతం లోపే. అదే పీహెచ్ 8 అయితే ఏడెనిమిది శాతం దాకా ఉంటుంది. పైగా నీరు వేడెక్కేకొద్దీ దానిలో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర మాత్రమే కరుగుతుంది. మన మే నెల ఉక్కపోతలో, క్షారగుణం ఎక్కువగా ఉన్న బోరు నీటితో, ఐదు లీటర్ల గాజు పాత్రలో చేపను ఉంచడం ఎంత కఠినమో పాఠకులే ఊహించుకోవచ్చు. తాటిపూడి, రైవాడ, మేఘాద్రిగెడ్డ వంటి జలాశయాల నుంచి వచ్చే కుళాయి నీటిని బకెట్లో పట్టి, ఒక రోజంతా మూత లేకుండా ఉంచి వాడుకోవడమే నాకు కుదిరిన పద్ధతి. తొందరగా కావాలంటే, పాత ఫొటో స్టూడియోల వారు హైపో అని పిలిచే సోడియం థయోసల్ఫేట్ ద్రావణం దుకాణాల్లో క్లోరిన్ విరుగుడుగా దొరుకుతుంది.

ఆరు నెలల తరువాత మనవరాలూ నేనూ మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి రెండు అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టి తీసుకున్నాం. అంచు దాకా నింపితే అందులో 56 లీటర్ల నీరు పడుతుంది. కొత్తవారికి చిన్న తొట్టి తేలికని చాలామంది అనుకుంటారు కానీ, నీరు తక్కువైనకొద్దీ ఒక్క చిటికెడు మేత ఎక్కువైనా మొత్తం పాడవుతుంది కాబట్టి నిజం దానికి తలకిందులుగా ఉంటుంది. నీరు, ఇసుక, గాజు కలిపితే బరువు డెబ్బై కిలోలు దాటుతుంది గనుక టీవీ బల్ల మీద కాక గట్టి ఇనుప స్టాండు మీద, అడుగున థర్మోకోల్ పలక పరిచి పెట్టాలి. నేరుగా ఎండ పడే కిటికీ దగ్గర పెడితే గాజు నిండా పాచి పడుతుంది.

ఇసుక విషయంలో ఒక విన్నపం. సముద్రం పక్కనే ఉంది కదా అని బీచ్ ఇసుక తెచ్చుకోవద్దు. అందులో ఉప్పుతో పాటు గవ్వల తునకలు ఉంటాయి. అవి మెల్లగా కరిగి నీటి కఠినత్వాన్ని పెంచుతాయి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల మట్టి మొక్కలకు బలమని నాకు సలహా ఇచ్చినవారు కూడా ఉన్నారు. అది భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ గుర్తించిన భూవారసత్వ స్థలం. అక్కడి నుంచి పిడికెడు మట్టి తీయడం కూడా తప్పే. ఇల్లు కట్టేవారి దగ్గర దొరికే నది ఇసుకను జల్లెడ పట్టి, కడిగిన నీరు తేటగా వచ్చే వరకు పదిసార్లు కడిగితే చాలు. ఒక చెంచాడు ఇసుక మీద నిమ్మరసం పిండి చూడండి. బుడగలు వస్తే అందులో సున్నపు పదార్థం ఉన్నట్లు.

ఇక మొక్కలు. నా ఉద్దేశంలో తొట్టికి ప్రాణం చేపల కంటే ముందు వీటితోనే వస్తుంది, ఎందుకంటే మొక్కలు అమ్మోనియాను నేరుగా ఆహారంగా తీసుకుంటాయి. దీనికోసం ఖరీదైన కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు, విదేశీ మట్టి అవసరం లేదు. తక్కువ వెలుతురులో బతికే అనూబియాస్, జావా ఫెర్న్, జావా మాస్, ఇసుకలో వేళ్లూనే వాలిస్నేరియా, త్వరగా పెరిగి వ్యర్థాలను పీల్చే హార్న్‌వర్ట్, ఇంకా మన పొలం గట్ల పక్కన తడిలో పాకే నీటి బ్రాహ్మి మాకు సరిపోయాయి. కాలువల నుంచి తెచ్చే మొక్కల వెంట తూనీగ పిల్లపురుగులు, పురుగుమందుల అవశేషాలు రావచ్చు కాబట్టి, నీటి బ్రాహ్మిని మేము దుకాణంలోనే కొన్నాం.

అనూబియాస్ నాటేటప్పుడు నేను చేయబోయిన తప్పును మా మనవరాలే ఆపింది. ఆ మొక్క కాండం పసుపు కొమ్ములా అడ్డంగా సాగుతుంది. దానిని ఇసుకలో పాతితే కుళ్లిపోతుంది. వాళ్ల అమ్మమ్మ పూలు కట్టుకునే దారం తెచ్చి, కొమ్మును ఒక నల్లరాయికి మూడు చుట్లు చుట్టి, వేళ్లను మాత్రం కిందికి వదిలి, ఆ పిల్ల ముడి వేసింది. రెండు నెలల్లో దారం ఊడిపోయినా వేళ్లు రాయిని వదలలేదు. మొదటి రెండు వారాల్లో మాత్రం సగం మొక్కల ఆకులు పసుపెక్కి జావగా కరిగాయి. నర్సరీలో నీటి పైన పెరిగిన మొక్క నీటిలో మునిగినప్పుడు పాత ఆకులను రాల్చుకొని, నీటికి తగిన కొత్త ఆకులు వేసుకుంటుందని తెలియక చాలామంది ఆ దశలోనే పీకి పారేస్తారు. కరిగిన ఆకులను కత్తిరించి తీసేస్తే సరిపోతుంది. దీపం రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు వెలిగితే చాలు. అంతకంటే ఎక్కువైతే లాభం పాచికే.

చేపలు లేకుండా నెల రోజులు ఖాళీ తొట్టిని చూస్తూ కూర్చోవడం ఎలాగని అడుగుతారు. పాలు తోడుపెట్టిన గిన్నెను ఇంట్లో ఎవరూ గంటగంటకు కదిపి చూడరు. ఇదీ అలాంటిదే. తోడు కూడా ఉంది. ఆరోగ్యంగా నడుస్తున్న పాత తొట్టి గల మిత్రుడి దగ్గర నుంచి వాడిన స్పాంజి ముక్క ఒకటి, తడి ఆరకుండా తెచ్చి మన ఫిల్టర్‌లో పెడితే పని త్వరగా సాగుతుంది. మాకు ఆ మిత్రుడు లేడు. రెండు రోజులకోసారి చిటికెడు మేత వేసి కుళ్లనిచ్చాం. వారానికి రెండుసార్లు మనవరాలు పరీక్ష గొట్టంలో తొట్టి నీరు పోసి, చుక్కలు లెక్కపెట్టి వేసి, రంగును అట్ట మీది పట్టీతో పోల్చి, కాలెండరులో రాసేది. మా దగ్గరున్న కిట్‌లో అమ్మోనియా ఉంటే ఆకుపచ్చ, లేకపోతే పసుపు. పది రోజుల పాటు పచ్చదనం పెరుగుతూ పోయింది, తరువాత తగ్గింది, నైట్రైట్ పెరిగింది, అదీ తగ్గింది. ముప్పయ్యారో రోజున రెండూ సున్నా చూపించాయి. అదే వారంలో ఒక మధ్యాహ్నం హార్న్‌వర్ట్ ఆకుల చివర్ల నుంచి సన్నటి ముత్యాల సరంలా బుడగలు పైకి రావడం చూసి, తొట్టిలో ఇంకా ఒక్క చేప కూడా లేకపోయినా, ఆ పిల్ల పక్కింటివారిని పిలుచుకొచ్చింది.

ఆ తరువాత ఆరు జీబ్రా చేపలను వేశాం. అవి మన ఉపఖండానికి చెందిన చేపలే, మన వేడికి తట్టుకుంటాయి, హీటర్ అక్కర్లేదు. గోల్డ్‌ఫిష్ అడుగు దాకా పెరగగల చేప, పైగా లేత మొక్కలను నమిలేస్తుంది కాబట్టి ఇలాంటి తొట్టికి అది పనికిరాదు. రోజుకు ఒకసారి, రెండు నిమిషాల్లో తినేసేంత మేత వేయాలి. వారానికి ఒకసారి పావు వంతు నీరు మార్చాలి. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీటిలోనే పిండాలి, కుళాయి కింద కాదు. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుఫాను తరువాత కరెంటు లేని రోజులు మరచిపోని వారు బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి ఇంట్లో ఉంచుకుంటే మంచిది. అలాంటప్పుడు రెండు మూడు రోజులు మేత ఆపినా చేపలకు ఏమీ కాదు.

ఇక్కడ చెప్పకుండా వదలలేని మాట ఒకటుంది. పాచి తింటుందని చెప్పి అమ్మే సక్కర్ చేప పిల్ల వేలెడంత ఉంటుంది కానీ, అడుగు దాటి పెరుగుతుంది. తొట్టి చాలక దానిని గెడ్డలోనో చెరువులోనో వదిలే వారున్నారు. దక్షిణ అమెరికాకు చెందిన ఈ జాతి ఈనాడు మన రాష్ట్రంలోని జలాశయాల్లో వ్యాపించి, గట్టి ముళ్లతో వలలను చింపుతున్నందుకే జాలర్లు దానిని దెయ్యం చేప అంటున్నారు. అదే ఖండం నుంచి అందానికని తెచ్చిన గుర్రపుడెక్క మన చెరువులను ఏం చేసిందో వేరే చెప్పనక్కర్లేదు. కత్తిరించిన మొక్కలను కాలువలో పారేయకుండా ఎండబెట్టి పూలకుండీల్లో వేయాలని, వద్దనుకున్న చేపను దుకాణానికే తిరిగి ఇవ్వాలని, దుకాణదారులు కూడా వాటిని కాదనకుండా తీసుకోవాలని కోరుతున్నాను.

దుకాణదారులకు నా అసలు విన్నపం చాలా చిన్నది. చేప అడిగిన ప్రతి కొనుగోలుదారును “మీ తొట్టి నింపి ఎన్నాళ్లయింది?” అని ఒక్క ప్రశ్న అడగాలి. దీనివల్ల వ్యాపారం పోదు. మొదటి నెల మొక్కలు, పరీక్ష కిట్లు అమ్ముడవుతాయి, రెండో నెల చేపలు అమ్ముడవుతాయి, ఆ చేపలు బతుకుతాయి కాబట్టి మనిషి మళ్లీ అదే దుకాణానికి వస్తాడు. మొన్న ఆదివారం నేను మేత కొనడానికి వెళ్లిన ఒక చిన్న దుకాణంలో, కొత్త తొట్టితో పాటు గోల్డ్‌ఫిష్ కావాలని మారాం చేస్తున్న కుర్రవాడికి ఆ దుకాణం నడిపే ఆవిడ చేపను ఇవ్వలేదు. ఒక వాలిస్నేరియా కట్టను తడి కాగితంలో చుట్టి వాడి చేతిలో పెట్టి, “ఇది కొత్త ఆకు వేశాక వచ్చి చెప్పు నాన్నా, అప్పుడు నీకు నచ్చిన చేపను నువ్వే పట్టుకుందువు” అంది. వాడు కొంచెం అలిగినా, ఆ కట్టను రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకొని స్కూటరు ఎక్కాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు,
సీతమ్మధార, విశాఖపట్నం.